వ్యాపారి అడిగిన స్పాంజ్‌లు వద్దు, షెడ్డు వెనక పారబోస్తున్న రొయ్య పొట్టు చూడండి

అమ్మా, మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. తర్వాత చదివేవాళ్ళకు అర్థం కావాలి కాబట్టి దాన్ని క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీది ఒడిశాలో గోపాల్‌పూర్ దగ్గర వేటపల్లె. బరంపురంలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదివారు. మీ అమ్మగారి మహిళా సంఘం దగ్గరికి ఒక వ్యాపారి వచ్చాడు. వలల్లో పడే స్పాంజ్‌లు, సముద్ర దోసకాయలు, సీ ఫ్యాన్లు (విసనకర్రలా పెరిగే పగడాలు) ఎండబెట్టి ఇస్తే కిలోల లెక్కన కొంటాననీ, అవి క్యాన్సర్ మందుల కంపెనీకి వెళ్తాయనీ చెప్పాడు. మీ నాన్నగారు "ఇప్పటికే వల తేలిగ్గా వస్తోంది, ఇక ఇవి కూడా ఊడ్చేస్తారా" అని కోప్పడ్డారు. సముద్ర బయోటెక్నాలజీ అంటే ఇదేనా, మా సంఘం నిజంగా చేయగలిగింది ఏమైనా ఉందా, సముద్రపు నాచు పెంచవచ్చా అని మీరు అడుగుతున్నారు.

మీ నాన్నగారి మాటే సరైనది. ఆ వ్యాపారికి వద్దని వెంటనే చెప్పించండి.

ముందు చట్టం సంగతి చెబుతాను, ఎందుకంటే ఇది మీ అమ్మగారి మెడకు చుట్టుకునే వ్యవహారం. సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు, పగడాలు, సీ ఫ్యాన్లు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నవి. పట్టడమే కాదు, దగ్గర పెట్టుకోవడం, అమ్మడం కూడా నేరమే. కేసు జైలుశిక్ష దాకా వెళ్తుంది. "వలలో చచ్చి వచ్చినవే కదా" అంటే అటవీశాఖవాళ్ళు వినరు. పెరట్లో ఎండుతున్న సరుకు దొరికితే పట్టుబడేది సంఘం ఆడవాళ్ళు. వ్యాపారి పేరు ఏ కాగితం మీదా ఉండదు, చేతులు దులుపుకుని పోతాడు.

ఇక ఆయన చెప్పిన మందుల మాట. సముద్ర జీవుల నుంచి మందులు రావడం నిజం. లుకేమియాకు ఇచ్చే సైటరబీన్‌కు దారి చూపింది 1950లలో కరీబియన్ స్పాంజ్‌లో దొరికిన పదార్థాలు. 1969లో దానికి అమెరికాలో అనుమతి వచ్చింది. మరే మందుకూ తగ్గని తీవ్రమైన నొప్పికి వాడే జికోనొటైడ్, కోన్ నత్త విషంలోని ఒక చిన్న ప్రోటీన్‌కు నకలు. దానికి 2004లో అనుమతి వచ్చింది. అయితే ఈ రెండింటి కోసం ఇవాళ ఎవరూ స్పాంజ్‌లు రుబ్బడం లేదు, నత్తల్ని పిండడం లేదు. రెండూ ఫ్యాక్టరీలో తయారయ్యేవే.

ఇది ఎలా కుదురుతుందో తెలియాలంటే ట్రాబెక్టెడిన్ అనే క్యాన్సర్ మందు కథ చూడాలి. కరీబియన్, మధ్యధరా సముద్రాల్లో మడచెట్ల వేళ్ళను, రాళ్ళను పట్టుకుని గుత్తులు గుత్తులుగా పెరిగే ఒక మెత్తటి జీవి ఉంది. దాని పేరు ఎక్టినాసిడియా టర్బినాటా. క్యాన్సర్ కణాల మీద గట్టిగా పనిచేసే పదార్థం అందులో దొరికింది. చిక్కల్లా పరిమాణం దగ్గరే. ఒక గ్రాము మందు కావాలంటే సుమారు ఒక టన్ను జీవులు కావాలి. ఆ లెక్కన రోగులందరికీ మందు ఇవ్వాలంటే జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. స్పెయిన్‌కు చెందిన ఫార్మామార్ కంపెనీ ఆ జీవుల్ని నీళ్ళలో పెంచి కూడా చూసింది. చివరికి దారి దొరికింది ఒక బాక్టీరియాలో. సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్‌ను ట్యాంకుల్లో పెంచితే సయనోసాఫ్రాసిన్-బి అనే పదార్థం కావలసినంత వస్తుంది. దాన్ని కొన్ని రసాయన దశలు దాటిస్తే ట్రాబెక్టెడిన్ అవుతుంది. 2007లో యూరప్‌లో అనుమతి వచ్చింది. ఆ మందును అసలు తయారుచేస్తున్నది ఆ జీవి కాదనీ, దాని ఒంట్లో కాపురముండే బాక్టీరియా అనీ తర్వాత తేలింది. మీరు చదువుకున్న బయోటెక్నాలజీ అందంగా పనిచేసేది ఇలాంటి చోటే. సముద్రం దగ్గర వేలెడంత ముక్క తీసుకుని, అందులోని రహస్యం నేర్చుకుని, ఆ తర్వాత సముద్రం జోలికి పోకుండా ట్యాంకులో పని కానివ్వడం.

కాబట్టి ఎండలో మాడిపోయిన, పేరు తెలియని, ఏ లోతులో ఏ రోజు దొరికిందో రాసి లేని స్పాంజ్ బస్తా ఏ మందుల పరిశోధనకూ పనికిరాదు. పరిశోధకులు చిన్న ముక్క తీసి, వెంటనే ఆల్కహాల్‌లోనో ఐస్‌లోనో పెట్టి, జాతి గుర్తించి, అనుమతి పత్రాలతో తీసుకెళ్తారు. మీ ఊరు గోపాల్‌పూర్‌లోనే జూలాజికల్ సర్వే వారి ఎస్చురైన్ బయాలజీ కేంద్రం ఉంది. అక్కడికి వెళ్ళి నమూనాలు ఎలా తీస్తారో, ఎలా దాస్తారో చూపించమని అడగండి. బస్తాల్లో కొనే మనిషికీ పరిశోధనకీ ఎంత దూరమో తెలిసిపోతుంది. సముద్ర దోసకాయలకు తూర్పు ఆసియాలో తిండికి గిరాకీ ఉంది, సీ ఫ్యాన్లకు అలంకరణకు గిరాకీ ఉంది. సరుకు చేరేది అక్కడికేనని నా గట్టి అనుమానం.

ఏ ప్రతిపాదన వచ్చినా నేను మొదట అడిగేది ఒకటే: రేపు అమ్మకం పదింతలు పెరిగితే సముద్రంలోంచి తీసేదీ పదింతలు పెరగాలా? అవును అంటే ఆ పని వదిలేస్తాను.

గుర్రపు డెక్క పీత విషయంలో ప్రపంచం ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికి దశాబ్దాలు తీసుకుంది. ఈ పీత మన రాష్ట్రంలో బాలేశ్వర్ వైపు తీరంలో ఉంటుంది. దాని నీలి రక్తం బాక్టీరియా విషం ఆనవాలు తగిలితే చాలు గడ్డకడుతుంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, టీకాలు శుభ్రంగా ఉన్నాయో లేదో తేల్చడానికి ఆ గుణాన్నే వాడుతూ వచ్చారు. అందుకోసం అమెరికా తీరంలో ఏటా లక్షల పీతల్ని పట్టి, రక్తం తీసి, తిరిగి వదులుతారు. వాటిలో కొన్ని బతకవు. సింగపూర్ శాస్త్రవేత్తలు ఆ రక్తంలోని ఫ్యాక్టర్ సి అనే ప్రోటీన్ జన్యువును వేరుచేసి, ల్యాబ్‌లో పెంచే కణాల్లో ఆ ప్రోటీన్ తయారుచేయించారు. 2020లో యూరప్ ఔషధ ప్రమాణాల గ్రంథం ఆ ప్రోటీన్‌తో చేసే పరీక్షను ఒప్పుకుంది, 2024లో అమెరికా ప్రమాణాల సంస్థ కూడా ఆమోదించింది. పీత ఒంట్లోంచి చుక్క రక్తం తీయకుండా అదే పని జరుగుతుంది. మన దగ్గర కీళ్ళ నొప్పులకని ఈ పీత డొప్ప అమ్మేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఇది కూడా రక్షిత జీవే. మీవాళ్ళెవరైనా ఉత్తరాదికి, పారాదీప్ అవతలికి వేటకు వెళ్తుంటే చెప్పండి.

ఇప్పుడు మీ సంఘం చేయగలిగిన పని దగ్గరకు వస్తాను. నేను ఛత్రపురం వాణ్ణి. రొయ్యల ప్రాసెసింగ్‌లోనూ ఆ తర్వాత ఫర్మెంటేషన్ (పులియబెట్టే) పనిలోనూ చాలా ఏళ్ళు గడిపాను కాబట్టి ఇది చేతితో తెలిసిన విషయం. మన జిల్లాలో చిలికా సరస్సు అంచుల నుంచి బాహుదా మొగ దాకా చెరువుల్లో పెంచేది ఎక్కువగా వనామీ రకం రొయ్యే. రొయ్య బరువులో తల, పొట్టు కలిపితే దాదాపు సగం. తలలు తీసే షెడ్ల వెనక ఆ సగం కుప్పగా కుళ్ళుతుంది. ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన మనం కూడా ముక్కు మూసుకునే వాసన అది. ఎండిన పొట్టులో సుమారు అయిదో వంతు కైటిన్ అనే పదార్థం ఉంటుంది. మిగతాది ఎక్కువగా మాంసకృత్తులు, కాల్షియం కార్బొనేట్. కొంచెం ఎర్ర రంగు ఉంటుంది, దాని పేరు అస్టాక్సాంథిన్. కైటిన్‌ను ఇంకో మెట్టు మారిస్తే కైటోసాన్ అవుతుంది. విత్తనాలకు పూతగా, మురుగునీళ్ళు తేర్చడానికి, రక్తం ఆపే కట్లకు దాన్ని వాడతారు. కైటోసాన్‌కు ధనావేశం, ఎర్ర రక్తకణాల పైపొరకు రుణావేశం. రెండూ అంటుకుని గాయం నోరు మూసుకుంటుంది.

మామూలుగా ఫ్యాక్టరీల్లో కైటిన్ తీసేది హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కాల్షియం కరిగించి, వేడి కాస్టిక్ సోడాతో మాంసకృత్తు తీసేసి. పద్ధతి పక్కాగా పనిచేస్తుంది, కానీ ఒక కిలో కైటిన్‌కు పారే ఉప్పు, యాసిడ్, కాస్టిక్ నీళ్ళు విపరీతం. ఆ నీళ్ళను శుద్ధి చేసే ఏర్పాటు లేకుండా ఎవరైనా తీరంలో యూనిట్ పెట్టమంటే ఒప్పుకోవద్దు. చాలా ఏళ్ళలో లక్షల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే ఋషికుల్య నది మొగ మన పక్కనే ఉంది. ఆ తాబేళ్ళ కోసం నవంబర్ నుంచి మే దాకా వేట నిషేధాన్ని భరిస్తున్నది మీ కుటుంబాలే. మీ కష్టంతో కాపాడిన ఒడ్డులోకి కాస్టిక్ నీళ్ళు పోయించుకోవడం న్యాయం కాదు.

సంఘం స్థాయిలో నడిచే దారి లాక్టిక్ ఫర్మెంటేషన్, అంటే పులుపు పుట్టించే బాక్టీరియాతో పొట్టును పులియబెట్టడం. పొట్టు తాజాగా ఉండటమే ఇందులో సగం పని. తల తీసిన కొద్ది గంటల్లో డ్రమ్ములోకి వెళ్ళాలి, కుదరకపోతే ఐస్ మీద ఉండాలి. బూడిద, గులాబీ రంగు కలిసి, పెళుసుగా, నొక్కితే చిటుక్కుమనే పొట్టు మంచిది. నల్లబడి, చేతికి జిగురుగా జారుతూ, కళ్ళలో నీళ్ళు తెప్పించే అమోనియా వాసన వస్తుంటే తీసుకోవద్దు, ఊరికే ఇచ్చినా వద్దు. మంచి పొట్టును ముతకగా నూరి, దాని బరువులో పదోవంతు దాకా బెల్లమో మొలాసిసో కలిపి, లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ బాక్టీరియా స్టార్టర్ (తోడు) వేసి, డ్రమ్ములో మూత పెట్టాలి. డ్రమ్మును నిండుగా నింపొద్దు. యాసిడ్ తగలగానే కాల్షియం కార్బొనేట్ నుంచి గ్యాస్ పుట్టి నురగ పొంగుతుంది. గ్యాస్ బయటికి పోయే గొట్టం లేకపోతే మూత ఎగిరిపోతుంది.

పులుపును పీహెచ్‌తో కొలుస్తారు, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. మొదట్లో పీహెచ్ 8 దగ్గర ఉంటుంది. రెండు మూడు రోజుల్లో అది 5 కిందికి దిగాలి. రోజూ కలియబెట్టి పీహెచ్ కాగితం ముంచి చూడండి. దిగినట్టే దిగి మళ్ళీ పైకి ఎక్కుతోందంటే తీపి చాలలేదని అర్థం. పుట్టిన యాసిడ్‌ను కాల్షియం తినేస్తోంది. వెంటనే ఇంకొంచెం బెల్లం పాకం పోయాలి, ఆలస్యం చేస్తే కుళ్ళు బాక్టీరియా పైచేయి అవుతుంది. సరిగ్గా నడుస్తున్న డ్రమ్ము పులిసిన దోసెల పిండిలా వాసన వేస్తుంది. కాగితం కన్నా ముందు మీ ముక్కే చెబుతుంది. చివర్లో వడకడితే పైన మెత్తబడిన కైటిన్ ముక్కలు మిగులుతాయి, కింద చిక్కటి ద్రవం దిగుతుంది. రొయ్య తలలోని సొంత ఎంజైములూ బాక్టీరియా కలిసి మాంసకృత్తును విరగ్గొట్టిన ద్రవం అది. చేపల మేతలో కలపడానికి పనికొస్తుంది, దానికీ ఖరీదు ఉంటుంది.

ఇందులో పరిమితి కూడా చెప్పాలి. ఫర్మెంటేషన్‌తో కాల్షియం, మాంసకృత్తు నూటికి నూరు శాతం పోవు. చివర్లో పలచటి యాసిడ్‌తో, పలచటి కాస్టిక్‌తో ఒక శుద్ధి తప్పదు. మొత్తం యాసిడ్‌తో చేసేదానికన్నా అది చాలా తక్కువే. కైటిన్‌ను కైటోసాన్ చేయాలంటే 40, 50 శాతం గాఢత ఉన్న కాస్టిక్‌లో వేడి చేయాలి. ఆ పని సంఘం ఆడవాళ్ళ చేత ఎప్పుడూ చేయించవద్దు. చేతుల మీద పడితే చర్మం ఊడుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. ఎండబెట్టిన ముడి కైటిన్ దాకా మీరు చేసి, ఆ పై పని లైసెన్స్ ఉన్న యూనిట్‌కు వదిలేయండి. మెడికల్ గ్రేడ్ అని ఎవరైనా ఆశపెడితే నమ్మవద్దు, దానికి కావలసిన శుభ్రత వేరే స్థాయి.

సాయం కోసం ఎక్కడికి వెళ్ళాలంటే, ముందు విశాఖపట్నం. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అంటే సిఫ్ట్, పరిశోధన కేంద్రం అక్కడ ఉంది. రొయ్య పొట్టు నుంచి కైటిన్, కైటోసాన్ తీయడంలో దేశంలో వాళ్ళది పాత చెయ్యి. బరంపురంలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి దిగుతారు, తెలుగులో మాట్లాడుకోవచ్చు. చేప పేగులు, తలలు కూడా మీ దగ్గర ఎక్కువగా పోతుంటే చెన్నైలోని సీబా, అంటే కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ, పని చూడండి. చేప వ్యర్థాల నుంచి వాళ్ళు తయారుచేసిన ప్లాంక్టన్ ప్లస్‌ను రొయ్యల చెరువుల్లో వాడుతున్నారు. మీరు చదివిన విశ్వవిద్యాలయంలోనే మెరైన్ సైన్సెస్ విభాగం ఉంది. స్టార్టర్ కల్చర్ పెంచి ఇవ్వడానికి మీ పాత ల్యాబ్ ఒప్పుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది.

సముద్రపు నాచు గురించి కూడా అడిగారు. తమిళనాడు మండపం వైపు ఆడవాళ్ళు వెదురు తెప్పల మీద కప్పాఫైకస్ అనే నాచు పెంచి సంపాదించారు, నిజమే. కానీ గోపాల్‌పూర్ కెరటాలకు వెదురు తెప్ప నిలవదు. వానాకాలం ఋషికుల్య మంచినీళ్ళు దిగితే ఉప్పదనం పడిపోయి ఆ నాచు చచ్చిపోతుంది. పైగా అది మన సముద్రంలో పుట్టింది కాదు. మన్నార్ సింధుశాఖలో కురుసడై దీవి దగ్గర అది పెంపకం దాటి పగడాల మీద అల్లుకుపోయిందని 2008లో శాస్త్రవేత్తలు రాశారు. చిలికాలోకి దాన్ని తెస్తామని ఎవరు వచ్చినా గట్టిగా అడ్డుకోండి. రంభ వైపు నీళ్ళు నెమ్మదిగా ఉంటాయి, అగర్ (జెల్లీలా గడ్డకట్టే పదార్థం) ఇచ్చే గ్రాసిలేరియా నాచు చిలికాలో సహజంగానే ఉంది. పెంచాలంటే దాన్నే, అదీ చిలికా అభివృద్ధి సంస్థ అనుమతితోనే.

నన్ను ఎక్కువగా ఊరించేది మాత్రం హుమ్మా, సుర్లా ఉప్పు కయ్యలు. మీ స్నేహితుల్లో పరిశోధన మీద ఆసక్తి ఉన్నవాళ్ళకు ఇది చెప్పండి. ఎండాకాలం ఉప్పు గడ్డకట్టే ముందు కొన్ని కయ్యల్లో నీళ్ళు గులాబీ, నారింజ రంగుకు తిరుగుతాయి. ఆ రంగు ఉప్పును ఇష్టపడే సూక్ష్మజీవులది, డునాలియెల్లా సలైనా అనే నాచుది. ఎండ మండిపోతూ, ఉప్పు ఎక్కువై, నత్రజని తక్కువైతే ఈ నాచు ఒంట్లో బీటా కెరోటిన్ నింపుకుంటుంది. అనువైన పరిస్థితుల్లో పొడి బరువులో పదో వంతు దాకా ఉంటుంది. ఆస్ట్రేలియా, ఇజ్రాయెల్‌లో దీన్ని వ్యాపారంగా పెంచుతున్నారు. మంచినీళ్ళు అక్కర్లేదు, పంట భూమి అక్కర్లేదు, సముద్రంలోంచి ఒక్క జీవిని తీయక్కర్లేదు. ఆ కయ్యల నుంచి స్థానిక రకాల్ని వేరుచేసి, ఏది ఎంత రంగు కడుతుందో కొలిచే పని బరంపురం పిల్లలు చేయదగ్గది. ఉప్పు కూలీలు వానలొస్తే పని లేక కూర్చుంటారు. నాచును వాన పడకుండా కప్పిన తొట్లలో వానల్లోనూ పెంచగలిగితే ఆ నెలల్లో వాళ్ళకూ నాలుగు రాళ్ళు వస్తాయి. ఇప్పటికిప్పుడు డబ్బు తెచ్చే పని కాదు, కొన్నేళ్ళ పని. అయినా చేయాలి.

ఇక హక్కు సంగతి. మీ తీరంలోని జీవుల మీద జరిగే వ్యాపారంలో, కొన్ని మినహాయింపులు పోను, మీకు వాటా ఉండాలని 2002 నాటి జీవవైవిధ్య చట్టం చెబుతుంది. మండపం నాచును ఎగుమతి చేసినందుకు పెప్సికో 30 లక్షల రూపాయలకు పైగా జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు కట్టింది. పెంచినవాళ్ళకు అందులో వాటా చేరాలన్నది దాని ఉద్దేశం. ప్రతి పంచాయతీలోనూ పట్టణ సంస్థలోనూ జీవవైవిధ్య నిర్వహణ కమిటీ, స్థానిక జీవుల రిజిస్టరు ఉండాలి. మీ ఊళ్ళో ఉన్నాయో లేదో కనుక్కోండి. రిజిస్టరు ఒడియాలో రాస్తారు కాబట్టి నోలియా (తెలుగు మత్స్యకారుల) పల్లెల్లో మన పెద్దలకు తెలిసినవి అందులోకి ఎక్కకుండా పోతుంటాయి. ఏ చేప ఏ నెలలో ఏ మొగ దగ్గరికి వస్తుందో, ఏ గవ్వ మాంసం ఏ జబ్బుకు పెట్టేవారో మీ నాన్నగారి తరం చెబితే మీరు దగ్గరుండి రాయించండి. తెలుగు, ఒడియా రెండూ చదవగలిగిన మీలాంటివాళ్ళు పూనుకోకపోతే ఆ పని చేసేవాళ్ళు లేరు. సంఘం వ్యాపారం మొదలుపెట్టే ముందు భువనేశ్వర్‌లోని ఒడిశా జీవవైవిధ్య బోర్డుకు ఒక ఉత్తరం రాసి, మా పనికి అనుమతి కావాలా అక్కర్లేదా అని రాతపూర్వకంగా తెచ్చుకోండి. కాలుష్య నియంత్రణ బోర్డుకూ అలాగే.

డ్రమ్ములు కొనకముందే కొనేవాణ్ణి వెతకాలి. అంతకన్నా ముందు లెక్క కావాలి. మీ చుట్టూ సైకిల్ మీద వెళ్ళగలిగిన దూరంలో తలలు తీసే షెడ్లు ఎన్ని, ఏ నెలలో రోజుకు ఎన్ని కిలోల పొట్టు వస్తుంది, చెరువుల్లో పట్టుబడి లేని నెలలు ఏవి, ఇప్పుడు ఆ పొట్టు ఎవరైనా పట్టుకెళ్తున్నారా, మేతకో ఎరువుకో డబ్బు ఇస్తున్నారా, ఐస్ ఎక్కడ దొరుకుతుంది. ఒక పట్టుబడి సీజన్ మొత్తం ఈ వివరాలు నోటుపుస్తకంలో రాయించండి, సంఘంలో లెక్క బాగా వచ్చిన ఒకరికి అప్పగించండి. ఆ అంకెలు ఇక్కడ పెడితే ఎన్ని డ్రమ్ములు, ఎంత బెల్లం, ఎంతమంది చేతులు కావాలో నేను లెక్కకట్టి రాస్తాను. అప్పుడు ఇది లాభమో కాదో మీ అమ్మగారే తేల్చుకోవచ్చు.